మొక్క చేతిలో ఏముందో చూశాకే మందు డబ్బా తీయండి

టమాటా మొక్కకి పక్క పిలకలు గిల్లాక ఒకసారి వేళ్లు చూసుకోండి. ముందు పచ్చగా, కాసేపటికి నల్లగా, జిగురు పట్టినట్టుంటాయి. సబ్బు పెట్టి కడిగితే నురగ పసుపు రంగులోకి తిరుగుతుంది, ఆ వాసన మాత్రం అన్నానికి కూర్చునేదాకా వదలదు. మా ఇంట్లో అందరం దాన్ని టమాటా పసరు అనేవాళ్లం. పసరంటే ఆకు లోపలి రసం కదా, ఇది అది కాదు. టమాటా కాడ మీదా ఆకు మీదా ఉండే నూగులో కొన్ని వెంట్రుకలకి చివర గుండుసూది తలలాంటి చిన్న తిత్తి ఉంటుంది, ఏది తగిలినా అది పగిలి జిగురు కారుతుంది. మనకి అది వేలికంటిన మరక, పేనుబంకకీ తెల్లదోమకీ కాళ్లు ఊడిరాని బంక. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు లేత కాడని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూస్తే, అందులో ఇరుక్కుని ఎండిపోయిన చిన్న చిన్న దోమలు కనిపిస్తాయి కూడా.

మొక్క పారిపోలేదు కాబట్టి ఉన్నచోటే ఉండి చేయగలిగిన ఏర్పాట్లన్నీ చేసుకుంటుంది. మనం అవేవీ చూడం. ఆకు మీద చిల్లు కనపడగానే స్ప్రేయర్ భుజానికి తగిలించుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అంతే. మాది కోనసీమలో కాలవ పక్క ఊరు, ఇంటి వెనక కొబ్బరి నీడ పోగా మిగిలిన నాలుగు సెంట్ల దొడ్డి, అందులో వంగ, బెండ, చిక్కుడు పందిరి, ఆనప పాదు, ఓ మూల కంద. పది ఎకరాల రైతుకి పనికొచ్చే లెక్కలు నా దగ్గర లేవు. దొడ్లోనో డాబా మీదో నాలుగు మొక్కలు పెంచుకుంటూ పురుగు చూస్తే టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది.

ముందు చేత్తో తడమండి

మందు సంగతి తర్వాత. ముందు ప్రతి మొక్క ఆకునీ పైనా కిందా వేలితో రాసి చూడండి. నున్నగా ఉందా, నూగుందా, గరుగ్గా ఉందా, విరిస్తే పాలొస్తున్నాయా, నలిపితే వాసనొస్తుందా. పది నిమిషాల పని. ఏ మొక్క ఏ పురుగుని తనంతట తాను ఆపుకోగలదో, దేనికి మన సాయం కావాలో సగం ఇక్కడే తెలిసిపోతుంది.

నూగుతో మొదలుపెడదాం. వంగలోనూ బెండలోనూ ఆకు కింద నూగు దట్టంగా ఉన్న రకాలకి పచ్చదోమ తక్కువ పడుతుంది, ఎందుకంటే దాని మూతి ఆకు ఈనె దాకా దిగాలి, గుడ్లు కూడా ఈనెలోనే పెట్టాలి, మధ్యలో ఈ వెంట్రుకల అడవి అడ్డం. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తెల్లదోమకి కొంత నూగున్న ఆకే ఇష్టం, దాని గుడ్లకి అక్కడ నీడా పట్టూ దొరుకుతాయి. బెండకి పల్లాకు తెగులు మోసుకొచ్చేది తెల్లదోమే. కాబట్టి "నూగున్న రకం వేస్తే ఇక ఏ పురుగూ రాదు" అని ఎవరైనా విత్తనం అంటగడితే నమ్మకండి. మీ దొడ్లో నిరుడు ఏది ఎక్కువ పడింది, ఆకు అంచులు పసుపెక్కి పైకి ముడుచుకుపోయే పచ్చదోమా, ఆకంతా పసుపు వలలా మారే పల్లాకా, అది గుర్తు తెచ్చుకుని దాన్ని బట్టి రకం ఎంచుకోవాలి. పల్లాకు పడిన బెండ మొక్కని మాత్రం చూస్తూ కూర్చోకుండా పీకెయ్యాలి, దానికి ఏ మందూ లేదు.

నూగులో అన్నిటికంటే గమ్మత్తయినది ఫ్రెంచ్ బీన్స్ ఆకుది. చొక్కాకి తగిలిస్తే అంటుకుపోతుంది, ఎందుకంటే ఆ వెంట్రుకలు గాలంలా వంగి ఉంటాయి. చిన్న పురుగు కాలు పడితే గుచ్చుకుని ఇక రాదు. బాల్కన్ దేశాల్లో పూర్వం ఈ ఆకుల్ని రాత్రిళ్లు మంచాల కింద పరిచి, పొద్దున నల్లులతో సహా ఊడ్చి తగలబెట్టేవారట. 2013లో అమెరికా శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కింద చూస్తే నల్లి కాలు సరిగ్గా ఆ గాలానికే గుచ్చుకుని ఉంది.

ఇక గరుకు. వరి ఆకు అంచు వేలు కోస్తుందంటే దానికి కారణం ఆకులో పేరుకున్న ఇసుక పదార్థం, అదే సిలికా. పురుగు పళ్లు దాని మీద అరిగిపోతాయి. మన డెల్టాలో రైస్ మిల్లుల దగ్గర గుట్టలుగా పడుండే ఊక బూడిద చాలావరకు ఈ సిలికానే. అది తెచ్చి మడిలో కలిపితే నల్లరేగడి కాస్త గుల్లబారుతుంది, బీర దోస జాతి పాదులు అందులోంచి సిలికాని బాగానే తీసుకుంటాయి, టమాటా మాత్రం పెద్దగా తీసుకోదు. మడికి రెండు మూడు దోసిళ్లు చాలు, బస్తాలు దిమ్మరించకండి.

పాలు, సొన, దురద

బొప్పాయి కాయకి గోరు గుచ్చితే పాలు ఎలా చిమ్ముతాయో అందరికీ తెలుసు. అది పురుగు నోటికి ఫెవికాల్. పైగా ఆ పాలల్లో ఉన్న పపైన్ అనే పదార్థం మాంసాన్నే మెత్తబరుస్తుంది, మన వంటవాళ్లు మటన్‌లో పచ్చి బొప్పాయి ముక్క వేసేది అందుకే. గొంగళి పురుగు కడుపులో అదేం చేస్తుందో ఊహించుకోండి. మామిడి కాయ తొడిమ దగ్గర చిమ్మి మూతి పొక్కించే సొనదీ అదే ఉద్యోగం. కంద, చేమల్లో కంటికి కనపడని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, అవి గుచ్చుకునే మన గొంతు దురద పెడుతుంది. చింతపండు లేకుండా కంద బచ్చలి కూర వండే సాహసం మన జిల్లాల్లో ఎవరూ చేయరు.

అయితే ఏ తాళానికైనా ఎక్కడో ఓ తాళంచెవి ఉంటుంది. ఇది చూడాలంటే కాలవ గట్టు మీద జిల్లేడు దగ్గరికి వెళ్లండి. దాని మీద నలుపు, తెలుపు, పసుపు చారలతో, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తటి కొమ్ములతో ఒక పురుగు ఉంటుంది, నారింజ రంగు సీతాకోకచిలుక పిల్ల అది. నేను ఓ ఆదివారం గట్టు మీద గొంతుక్కూర్చుని దాదాపు అరగంట చూశాను. అది వచ్చీ రాగానే ఆకు తినదు. ముందు ఆకు ఈనె మొదట్లో ఓ గాటు పెట్టింది, పాలు బొట్టు బొట్టుగా కారాయి, మూతి తుడుచుకుంటున్నట్టు తల అటూ ఇటూ ఆకుకి రాసింది, మళ్లీ కొరికింది. కారడం తగ్గాక తీరిగ్గా ఆకు చివరికి నడిచి అక్కడ తినడం మొదలెట్టింది, పైపు వాల్వు కట్టేసి రిపేరు చేసే ప్లంబర్‌లాగా. పాలల్లో ఉన్న విషం ఎంతో కొంత దాని ఒంట్లో నిలవుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి రావు, మొక్క చేసుకున్న ఆయుధం పురుగు ఎత్తుకుపోయినట్టే.

దీంతో మనకేం పని అంటే, దొడ్లో కనపడే పురుగు ఎక్కువసార్లు ఇలాంటి తాళంచెవి ఉన్నదే. కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనపడే పురుగు, కాస్త ఎదిగాక ఆకుపచ్చగా మారి, ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు చాచి కంపు కొడుతుంది చూడండి, అది కరివేపాకు, నిమ్మ జాతి తప్ప ఇంకోటి తినదు. కాబట్టి కరివేపాకు మీద పురుగు చూసి కంగారుపడి దొడ్డంతా మందు కొట్టక్కర్లేదు. చిన్న మొక్కయితే నాలుగు పురుగుల్ని చేత్తో ఏరేయండి, పెద్ద చెట్టయితే వదిలేయండి, రెండు వారాల్లో చిగురేస్తుంది.

బొప్పాయి పాల రక్షణని పూర్తిగా పక్కదారిలో దాటేసింది పిండినల్లి. అది ఆకు కొరకదు, సన్నటి మూతి దింపి రసం పీలుస్తుంది, పాల గొట్టాల్ని తప్పించుకుంటుంది. 2008లో కోయంబత్తూరు వైపు మొదలై దేశమంతా పాకింది. అప్పుడు ఏ మందు కొట్టినా ఆ తెల్లటి పిండి మీదనుంచి జారిపోయేది. 2010లో పోర్టోరికో నుంచి ఎసెరోఫాగస్ అనే కంటికి ఆనని కందిరీగని తెప్పించి వదిలితే, అది పిండినల్లి ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని అదుపులోకి తెచ్చింది. ఇప్పుడు మీ బొప్పాయి మీద కాస్త పిండినల్లి కనిపిస్తే గట్టి మందు కొట్టకండి, నల్లి కంటే ముందు ఆ కందిరీగ పోతుంది. పట్టిన ఆకులు కోసి సబ్బునీళ్ల బకెట్లో ముంచండి, మిగతా చెట్టుని పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి కడగండి.

వాసన, కారం, చేదు

ఆవాకు నోట్లో వేసుకోగానే కారంగా ఉండదు, నమిలాకే ముక్కుకెక్కుతుంది. ఎందుకంటే ఘాటు ఆకులో తయారుగా ఉండదు, దాని ముడిసరుకు ఒక అరలో, దాన్ని కోసే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. పురుగు కొరికి రెండు అరల్నీ కలిపేస్తుంది, ఆ క్షణంలో ఘాటు పుడుతుంది. ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ అన్నీ ఇదే కుటుంబం. క్యాబేజీని నాశనం చేసే డైమండ్ బ్యాక్ మాత్‌కి మాత్రం ఈ ఘాటే భోజనం గంట, దాన్ని పట్టుకునే వస్తుంది. అందుకనే క్యాబేజీ మడి చుట్టూ ఓ వరస ఆవాలు చల్లమంటారు. ఆ రెక్కల పురుగు క్యాబేజీ కంటే ఆవనే ఎక్కువ ఇష్టపడి అక్కడ గుడ్లు పెడుతుంది, మందో చేతి ఏరుడో ఏదైనా ఆ వరస వరకే సరిపోతుంది. క్యాబేజీ నాటడానికి పది పదిహేను రోజుల ముందే ఆవాలు చల్లాలి, లేకపోతే పురుగు వచ్చేసరికి ఆవ రెండాకుల మీదుంటుంది.

బంతి గురించి మాట్లాడేటప్పుడు రెండు వేరువేరు సంగతులు కలిపేస్తుంటారు. బంతి వాసనకి పురుగులు పారిపోతాయని మా ఊళ్లోనూ అంటారు. నిజానికి టమాటా కాయ తొలిచే శనగపచ్చ పురుగు తల్లి బంతి పూల దగ్గరికి పారిపోదు, పరిగెత్తుకొస్తుంది. అందుకే అది ఎర పంట. పదహారు వరసల టమాటాకి ఒక వరస బంతి అని లెక్క, బంతి నారు నలభై రోజులది, టమాటా నారు ఇరవై అయిదు రోజులది ఉండాలి, అప్పుడే రెండూ కలిసి పూతకొస్తాయి. దొడ్లో పది టమాటా మొక్కలుంటే ఓ రెండు బంతి మొక్కలు చాలు, కానీ రోజూ ఆ మొగ్గలు విప్పి పురుగు ఏరాలి. ఏరకపోతే మనం పురుగులకి హాస్టల్ పెట్టినట్టే. రెండో సంగతి వేళ్లది. బంతి వేళ్లలో ఉండే పదార్థం మట్టిలోని నులిపురుగుల్ని చంపుతుంది, ఇది నిజమే. అయితే అంచుల్లో నాలుగు మొక్కలు నాటితే ఆ పని జరగదు. ఆ నులిపురుగుల వల్ల వేరుబుడిపెలు పడ్డ మడిలో రెండు మూడు నెలలు దగ్గరదగ్గరగా బంతే వేసి, తర్వాత ఆ మొక్కల్ని అందులోనే కలియదున్నితే తేడా తెలుస్తుంది. వినాయక చవితి నాటికి నాటి, దసరా దీపావళి పూలు కోసుకున్నాక మట్టిలో కలిపేస్తే మనకి రెండందాలా లాభం.

మిరప ఘాటు మీద జనానికి ఉన్న నమ్మకం చూస్తే నాకు నవ్వొస్తుంది. కారం ఉన్నది కాయలో, అది ముఖ్యంగా ఎలకలూ పశువులూ తినకుండా, కాయకి బూజు పట్టకుండా. పిట్టలకి ఆ మంట తెలియదు, అవి తిని గింజలు దూరంగా జారవిడుస్తాయి. ఆకులో కారమే లేదు, కాబట్టి ఆకు రసం పీల్చే తామర పురుగుకి మిరపాకు హాయిగా ఉంటుంది. 2021లో నల్ల తామర పురుగు మన రాష్ట్రంలో మిరప రైతుల్ని నిలువునా ముంచింది.

చేదు విషయంలో ఒక్క హెచ్చరిక. ఆనప, దోస, బీర జాతిలో చేదు కూడా రక్షణే. కూరకి పండించే రకాల్లో దాన్ని తగ్గించుకుంటూ వచ్చాం, అప్పుడప్పుడూ ఏదో పాదుకి అది తిరిగొస్తుంది. ఆనపకాయ కోశాక ఓ చిన్న ముక్క నాలుక్కి తాకించి చూడండి, చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ పారేయండి, ఉప్పూ కారం వేసి సర్దుకోకండి, జ్యూస్ అసలే వద్దు, అది ప్రమాదకరమైన విషం. ఎర్ర గుమ్మడి పెంకు పురుగుకి మాత్రం ఆ చేదే ఇష్టం.

కొరికినప్పుడు మొక్క ఏం చేస్తుంది

ఇది నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. 1972లో గ్రీన్, రయాన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు పెంకు పురుగుల్ని టమాటా, బంగాళాదుంప ఆకుల మీద వదిలి చూశారు. పురుగు కొరికిన ఆకులోనే కాదు, ఇంకా ముట్టని ఆకుల్లో కూడా ఒక పదార్థం పెరిగింది. అది పురుగు కడుపులో మాంసకృత్తులు అరగనివ్వదు. కడుపు నిండా తిన్నా ఒంటికి పట్టదు, పురుగు ఎదగదు. చిక్కుడు గింజల్లాంటి పప్పుజాతి గింజల్లోనూ ఇలాంటివే ఉంటాయి, మనం ఉడికించుకుని తింటాం కాబట్టి మనకి అరుగుతాయి, పురుగుకి పొయ్యి లేదు కదా. ఆకునుంచి ఆకుకి ఈ కబురు మోసేవాటిలో ముఖ్యమైనది జాస్మోనిక్ ఆమ్లం. పేరు చూసే ఉంటారు, దాని అన్న లాంటి పదార్థం మొదట జాజి పూల నూనెలో దొరికింది, అందుకే ఆ పేరు. 1990లో రయాన్ వాళ్లే, గాలిలో వచ్చే ఆ వాసన తగిలితే చాలు టమాటా ముందుగానే సిద్ధమవుతుందని చూపించారు.

ఇంకోటి, కొరుకుడు పడిన మొక్క గాలిలోకి కొన్ని వాసనలు వదులుతుంది, వాటిని పట్టుకుని బదనికలు, అంటే పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు వస్తాయి. పచ్చగడ్డి కోసినప్పుడు వచ్చే వాసన కూడా ఆ జాతిదే.

ఇక్కడ మనం చేయాల్సింది ఓపిక పట్టడం, పడుతూ కళ్లతో చూడడం. ధనుర్మాసంలో మంచు పడ్డాక చిక్కుడు చిగుళ్లకి నల్లగా పేనుబంక పట్టేస్తుంది, ప్రతి ఏడూ జరిగేదే. ఆ గుంపుని ఓ భూతద్దంతో, లేకపోతే ఫోన్ కెమెరా పెద్దది చేసుకుని చూడండి. నల్లటివాటి మధ్యలో గోధుమ రంగులో ఉబ్బి, కదలకుండా, ఎండిన గింజల్లా కొన్ని ఉంటాయి. కొన్నిటికి వెనక గుండ్రటి చిల్లు ఉంటుంది. అందులోంచి కందిరీగ బయటికొచ్చేసిందన్నమాట. అలాంటివి కనిపిస్తే మందు కొట్టడం ఆపేయండి, పని మొదలైంది. అక్కడే నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలాంటి పురుగు పాకుతుంటే అది అక్షింతల పురుగు పిల్ల, రోజుకి డజన్ల కొద్దీ పేనుబంకని తింటుంది. నేను చిన్నప్పుడు దీన్ని శత్రువనుకుని ఎన్ని నలిపేశానో.

వంగ మీద దానికి దాయాదిలాంటి ఎపిలాక్నా అనే ఇంకో పురుగు ఉంటుంది, అది మాత్రం మొక్కకి శత్రువే. తేడా చెప్తాను. మిత్రుడి వీపు నిగనిగలాడుతుంది. శత్రువు వీపు సన్నటి నూగుతో మసకగా ఉంటుంది, మచ్చలు చాలా ఎక్కువ, ఒక జాతికి ఇరవై ఎనిమిది. దాని పిల్ల పసుపు రంగులో ఒళ్లంతా ముళ్లతో ఉండి ఆకుని గీకి జల్లెడలా చేసేస్తుంది. దాన్ని నలపండి, నో ప్రాబ్లం.

గొంగళి పురుగు పక్కన బియ్యపు గింజంత తెల్లటి దూది గూళ్లు గుంపుగా కనిపిస్తే ఆ పురుగుని చంపకండి, దాని పని అయిపోయింది, గూళ్లలో ఉన్నవి మనవాళ్లు. కొబ్బరి విషయంలోనూ మనం ఇదే నేర్చుకున్నాం. 2016లో పొల్లాచ్చి దగ్గర కనపడిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత మన గోదావరి తోటలకీ పాకి ఆకుల మీద నల్లటి మసి పట్టించింది. అంత ఎత్తు చెట్టుకి ఎవరు మందు కొడతారు? అంబాజీపేట పరిశోధన స్థానంవాళ్లు మందుల మీద పడకుండా ఎన్‌కార్సియా బదనికల్ని కాపాడుకోమన్నారు, దోమకి జబ్బు తెప్పించే శిలీంధ్రాన్ని పెంచి ఇచ్చారు.

చీమలకి జీతం

దొడ్డి గట్టున ఓ ఆముదం మొక్క ఉంటే దాని ఆకు తొడిమ, ఆకు కలిసే చోట చూడండి. రెండు చిన్న బొడిపెలు, తేనె చుక్కతో మెరుస్తూ ఉంటాయి. పువ్వు కాదు, పుప్పొడీ లేదు, మరి తేనె ఎవరికి? చీమలకి. తేనె తాగడానికి వచ్చిన చీమ దారిలో కనపడిన పురుగు గుడ్డునీ లేత గొంగళినీ ఎత్తుకుపోతుంది. బొబ్బర్ల పూల కాడ మీద, బీర మొగ్గల దగ్గర చిన్న ఆకుల మీద కూడా ఈ ఏర్పాటుంది. బీర పాదు నిండా చీమలున్నాయని గమాక్సిన్ చల్లేవాళ్లని చూశాను, కాపలావాణ్ణి కొట్టి పంపేసినట్టు.

మరి పేనుబంకకీ పిండినల్లికీ కాపలా కాసేది కూడా చీమలే కదా అంటారు. నిజమే. అందుకే చీమ మూతి ఎక్కడుందో చూడాలి. మొక్క బొడిపె మీదుంటే మనవైపు. పేనుబంక వెనక నిలబడి అది వదిలే తీపి రసం నాకుతుంటే వాళ్లవైపు, అప్పుడది బదనికల్నీ అక్షింతల పురుగుల్నీ దగ్గరికి రానివ్వదు. అలాంటి చెట్టుకి కాండం చుట్టూ ప్లాస్టిక్ కాగితం చుట్టి దాని మీద గ్రీజు పూయండి, కొమ్మలు గోడకీ పందిరికీ ఆనకుండా కత్తిరించండి. చీమల దారి ఆగితే మిగతాది పది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. గ్రీజు నేరుగా బెరడు మీద పూయకండి.

ఆముదానికి ఇంకో ఉపయోగం ఉంది. పొగాకు లద్దె పురుగు తల్లికి ఆ ఆకంటే ప్రాణం, గుడ్లు కుప్పగా పెట్టి పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. ఆ ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు పోయినట్టే. గింజలు పిల్లల చేతికి చిక్కకుండా చూసుకోవాలి, అవి విషం.

మనం చెడగొట్టేది ఎలా

మూడేళ్ల కిందట బెండ మడి ఎదగట్లేదని, చేనుకి తెచ్చిన బస్తాలోంచి యూరియా ఓ దోసెడు చల్లాను. వారం తిరిగేసరికి ఆకులు ముదురాకుపచ్చగా, అరచేయంత వెడల్పుగా వచ్చాయి, వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు. తర్వాత పది రోజులకి ప్రతి ఆకు కిందా పచ్చదోమ. వరి చేలో తెలిసిన సంగతే దొడ్లో మర్చిపోయాను. నత్రజని ఎక్కువైతే సుడిదోమ విరుచుకుపడుతుందని, రెండు మీటర్లకో ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తీయమని వరికి చెప్పేది ఎన్నేళ్లుగా వింటున్నాం! యూరియా పడగానే మొక్క హడావిడిగా ఒళ్లు పెంచుతుంది, ఆకు మెత్తబడుతుంది, రసంలో పురుగుకి పుష్టినిచ్చే సరుకు పెరుగుతుంది. దొడ్డికి మాగిన పశువుల ఎరువు, వేప పిండి చాలు. యూరియా వేయాల్సిందే అనుకుంటే మొక్కకి చిటికెడు, అది కూడా విడతలుగా.

రెండోది నీళ్లు. జూన్‌లో కాలవలు వదిలాక మన నేలల్లో ఊట పైకొచ్చేస్తుంది, నల్లరేగడిలో వేరు ఊపిరాడక చస్తుంది. వేరు చచ్చిన మొక్క జిగురూ చేయలేదు, కబురూ పంపలేదు. జానెడు ఎత్తు మడి కట్టి, అంచులకి కొబ్బరి డొక్కలు పేర్చండి, పైన కొబ్బరి పొట్టు పరవండి. తాజా పొట్టు కాదు, ఓ వర్షాకాలం తడిసి కుళ్లినది.

మూడోది, నారు కొనేటప్పుడు ఆకు తిప్పి చూడకపోవడం. ఒక నర్సరీలో పూలు చూసి మురిసిపోయి మందార తెచ్చాను, దాని ఆకుల కింద పిండినల్లి ఉంది, నెలకల్లా బెండకి పాకింది. ఇప్పుడు ఏ మొక్క తెచ్చినా రెండు వారాలు విడిగా ఓ మూల పెట్టి ఉంచుతాను.

ఎప్పుడు చేయి కలపాలి

నాలుగాకుల నారుని పురుగు తింటుంటే ఆగకండి, దాని దగ్గర ఏర్పాట్లు ఇంకా తయారు కాలేదు, వెంటనే ఏరండి, దోమతెర కప్పండి. ఎదిగిన మొక్కకి అక్కడక్కడా చిల్లులు పడితే కాపు తగ్గదు, వదిలేయండి. వంగ కొమ్మ చివర వాడి వేలాడుతుంటే లోపల తొలిచే పురుగు ఉంది, వాడిన చోటికి రెండంగుళాలు కిందకి తుంచి నలిపేయాలి, ఇది వారానికి రెండుసార్లు మానకుండా చేస్తే కాయల్లో పుచ్చులు బాగా తగ్గుతాయి. దీనికి మొక్క చేసేదేమీ లేదు, మన చేతే దిక్కు.

అంతకీ ఆగకపోతే వేప. 1959లో సూడాన్‌లో మిడతల దండు ఊరంతా తినేసి వేప చెట్లని మాత్రం వదిలేయడం ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కళ్లపడింది, వేప మీద ప్రపంచం దృష్టి పడ్డది అక్కడినుంచే. మనకి జూన్, జూలైల్లో చెట్ల కింద వేపపళ్లు ఊరికే రాలిపోతుంటాయి. ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఎండబెట్టి గుడ్డ సంచిలో ఉంచండి, ఏడాదిలోపు వాడేయాలి. లీటరు నీళ్లకి యాభై గ్రాముల పప్పు, మెత్తగా కొట్టి, పల్చటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పాల రంగు వచ్చేదాకా పిండి వడకట్టండి. పావు చెంచా సబ్బు పొడి కలిపి సాయంత్రం కొట్టండి, ఎండ తగిలితే చేవ పోతుంది. ఆకు కింద తడవాలి. పురుగు వెంటనే చావదు, తిండి మానేస్తుంది, కుబుసం విడవలేదు, కాబట్టి మర్నాడు పొద్దున వెళ్లి "బతికే ఉందే" అని నిరాశపడకండి.

విత్తనం సంగతి మా అత్తయ్యని చూసి నేర్చుకున్నాను. బెండ, వంగ కాపు మధ్యలో ఉండగా ఆవిడ మడంతా తిరిగి, అన్నిటికంటే తక్కువ పురుగు పట్టి బాగా కాస్తున్న మొక్కకి ఎర్రదారం కట్టేస్తారు. "ఆయ్, దాని జోలికెళ్లకండి, అది ఇత్తనానికి" అంటారు. హైబ్రిడ్ అయితే ఈ పని కుదరదు, గింజ తల్లిలా రాదు, నాటు రకానికే. దారం కట్టిన మొక్క మీద రెండు కాయలు ముదిరి ఎండేదాకా వదిలేసి, గింజలు తీసి బూడిదలో కలిపి సీసాలో పెడతారు, సీసా మీద రకం పేరు కూడా ఉండదు, ఏ గట్టు పక్క మొక్కదో రాసి ఉంటుంది.